గ్రెల్స్‌బీ పుస్తకం యథాస్థితికి వచ్చిన వైనం

మా కాలేజీ పరువు తీసింది నేనేనని ఊళ్ళో అందరూ అంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. నా పేరు పిల్లుట్ల సోమసుందరం. శ్రీ రాజా మల్లవరం జమీందారు కళాశాలలో ఇన్‌వర్డ్ సెక్షన్ గుమాస్తాని. బయటి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరానికీ ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి, చేరాల్సిన వాళ్ళకి చేర్చడం నా ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క నంబరు తప్పలేదు. ఆ మాట ఇప్పుడు ఎవరూ అనరు లెండి.

నా కుర్చీ వెనక ఒక పచ్చ బీరువా ఉంది. మా కాలేజీ మాన్యువల్‌లో నలభై రెండో నియమం ప్రకారం ‘కాన్ఫిడెన్షియల్’ అని రాసి వచ్చిన కవరుని రెగ్యులర్ ప్రిన్సిపాల్ మాత్రమే తెరవాలి. మాకు రెగ్యులర్ ప్రిన్సిపాల్ లేక అయిదేళ్ళయింది. ఉన్నది ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అంటే కుర్చీలో కూర్చోవచ్చు, జెండా ఎగరేయవచ్చు, కవరు మాత్రం తెరవకూడదు. అందుకని ఆ కవర్లన్నీ వచ్చినవి వచ్చినట్టే పచ్చ బీరువాలోకి వెళ్ళేవి. ప్రతి మార్చిలో వెరిఫికేషన్ చేసేవాణ్ణి. ఆఖరిసారి ‘నూట ఏడు కవర్లు, అన్నియు మంచి స్థితిలో ఉన్నవి’ అని నేనే రాసి సంతకం పెట్టాను. అవి మంచి స్థితిలోనే ఉన్నాయి, అందులో అబద్ధం ఏమీ లేదు.

ఇక పుస్తకం సంగతి. మా లైబ్రరీలో గుమ్మం ఎదురుగా అద్దాల పెట్టె ఉంది. అందులో నీలం పట్టు గుడ్డ మీద ‘ది మాస్టర్ ఆఫ్ గ్రెల్స్‌బీ’ అనే ఇంగ్లీషు నవల ఉంటుంది. విక్టోరియా రాణి కాలం నాటిది. జమీందారు గారు ఇంగ్లండు సీమ నుంచి తెప్పించి కాలేజీకి ఇచ్చిన మొట్టమొదటి పుస్తకం. నూట పదేళ్ళయినా ఒక్క పేజీ నలగలేదని చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో దానికి పేరు. అదే నవల మా డిగ్రీ మూడో సంవత్సరానికి పాఠ్యగ్రంథం కూడాను. పాఠ్యగ్రంథం అంటే పిల్లలు దాన్ని చదువుతారని మీరు అనుకుంటే నేనేం చెయ్యలేను. పిల్లలు చదివేది ‘విజయ సోపానం’ గైడు. దాన్ని రాసింది మా ఇంగ్లీషు శాఖాధ్యక్షులు డాక్టర్ వెల్లంకి చలపతి గారు. ఆయన దాన్ని తన గురువుగారి గైడు చూసి రాశారు. గురువుగారు మాత్రం అద్దాల పెట్టెలోని పుస్తకం చూసే రాశారని చెప్పుకుంటారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అటు కిందటేడాది డిసెంబరులో ఇంటర్నల్ పరీక్ష పెట్టారు. ‘గ్రెల్స్‌బీ ప్రభువు సర్ హంఫ్రీ వ్యక్తిత్వంలోని లోపమేది?’ అన్నది ప్రశ్న. గైడు ప్రకారం జవాబు ‘అతి మంచితనం’. నలభై ఏళ్ళుగా అదే జవాబు. అరవై నాలుగు మంది అదే రాశారు. కోసూరి తిరుపతమ్మ అనే పిల్ల మాత్రం ‘అజ్ఞానం’ అని రాసింది. చలపతి గారు సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో ‘ఎవరిది?’ అని రాశారు.

తిరుపతమ్మ తల్లి అంకమ్మ మా బస్టాండు దగ్గర పూలమ్ముతుంది. తండ్రి లేడు. ఆ పిల్ల పొద్దున్నే తల్లితో కూర్చుని మాలలు కట్టి, ఎనిమిదింటి బస్సెక్కి కాలేజీకి వచ్చేది. బీఈడీ చేసి టీచరు కావాలని దాని కోరిక. ఇంటర్‌లో ఎవరో మేడం ‘నువ్వు బాగా చెప్తావే’ అందట. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంతదూరం వచ్చింది.

సున్నా చూసుకుని చలపతి గారి గదికి వెళ్ళింది. అటెండరు ఏసోబు అప్పుడు అక్కడే టీ ఇస్తున్నాడు. అతను చెప్పగా విన్నది ఇది.

“సార్, ఆయన కూతురు రాసిన ఉత్తరాలు పదకొండేళ్ళు తెరవలేదు కద సార్. పెట్టెలో పెట్టుకుని, అందులో నాకు తెలియంది ఏముంటదిలే అన్నాడు. అది మంచితనం ఎట్టా అవుద్ది సార్?”

“ఏ ఉత్తరాలు?” అన్నారట చలపతి గారు.

“ఆగ్నెస్ రాసినయ్యి సార్.”

“ఆగ్నెస్ ఎవరు?”

“ఆయన కూతురు సార్.”

“సర్ హంఫ్రీకి సంతానం లేదు. గైడు నలభై ఏడో పేజీ చూసుకో.”

“నవల్లో ఉంది సార్. నేను చదివాను.”

ఏసోబు చేతిలో టీ ఒలికిపోయిందట. చలపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, “ఏం చేశావూ?” అన్నారట.

“చదివాను సార్. మన లైబ్రరీలోదే. స్లిప్పు రాసిచ్చి తీసుకున్నాను.”

అందరూ లైబ్రరీకి పరిగెత్తారు. పుస్తకం అద్దాల పెట్టెలోనే ఉంది. ఆ పిల్ల దసరా సెలవులకి తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేసింది. లైబ్రేరియన్ పోస్టు కూడా ఖాళీయే కాబట్టి స్లిప్పు చూసి ఏసోబే ఇచ్చాడు, ఏసోబే పుచ్చుకున్నాడు. ఇప్పుడు పెట్టె తెరిచి పుస్తకం పట్టుకుంటే పేజీలు టపటపా విడిపోయాయి. చలపతి గారు గుండె పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు.

ఎందుకంటే ఆ పుస్తకం పేజీలు ఎప్పుడూ విడిగా ఉండేవి కావు. అంచుల దగ్గర అతుక్కుని, సంచుల్లా ఉండేవి. కొన్ని పేజీలు కనబడేవి, కొన్ని సంచుల్లోపల ఉండేవి. సీమ పుస్తకాలు అలాగే ఉంటాయి కాబోలని మేమంతా అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు. ఇప్పుడా అంచులన్నీ ఎవరో కత్తితో సుతారంగా కోసేసి ఉన్నాయి.

మర్నాడే ‘గ్రంథ సంరక్షణ విచారణ సంఘం’ వేశారు. అధ్యక్షులు ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ ఉప్పల జనార్దనం గారు. ఆయన జువాలజీ. సభ్యులు చలపతి గారు. మినిట్స్ రాయడానికి నేను. ఆ కంగారంతా ఊరికే కాదు. సెప్టెంబరులో మా కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి మదింపు సంఘం వాళ్ళు రాబోతున్నారు, పోయినసారి మాకు మంచి గ్రేడు రావడానికి కారణం ఆ పుస్తకమే. ‘ఇంతటి సంరక్షణ మేమెక్కడా చూడలేదు’ అని రాసి వెళ్ళారు.

తిరుపతమ్మని పిలిచారు. చేతులు కట్టుకుని నిలబడింది.

“సదరు గ్రంథమును నీవు ఎన్ని చోట్ల ఛేదించితివి?” అన్నారు జనార్దనం గారు. విచారణ అనగానే ఆయన భాష మారిపోతుంది.

“లెక్కపెట్టలేదండి.”

“నూట తొంభై ఆరు చోట్ల. ఏ ఆయుధంతో?”

“మా అమ్మ అరటినార చీల్చే చాకండి.”

“కోత ఏ భాగం నుంచి మొదలుపెట్టావు? తల వైపు నుంచా, పక్క నుంచా?” జువాలజీ కదా, ఆయనకి ఆ మాత్రం ఆసక్తి ఉంటుంది.

ఆ పిల్ల టేబుల్ మీదున్న న్యూస్‌పేపర్ తీసుకుని ఒకటి, రెండు, మూడు మడతలు పెట్టింది. “చూడండి సార్, పూర్వం ఇట్టా పెద్ద కాగితం మీద అచ్చేసి, మడిచి, కుట్టేసేవాళ్ళంట. అంచులు కొయ్యకుండానే అమ్మేవాళ్ళంట. కొనుక్కున్నవాళ్ళు కోసుకుంటా చదువుకునేవాళ్ళు. అందుకే కోశాను. నేను చింపలేదు సార్, ఇప్పాను. చివర ఒక్క మడత మిగిలిపోయింది, పరీక్షలొచ్చినయ్యి కదాని ఆపేశాను.”

ఆ న్యూస్‌పేపర్ మడత చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. నాకు అర్థమైంది. చలపతి గారికీ అర్థమైందని ఆయన చెవులు ఎర్రబడటం చూసి తెలుసుకున్నాను. పుస్తకం కోస్తేనే చదవడం కుదురుతుందీ అంటే, నిన్నటిదాకా దాన్ని ఎవరూ చదవలేదని అర్థం కదా. అది మినిట్స్‌లో రాయాలా వద్దా అని నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను.

“నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ నవల బోధిస్తున్నాను,” అన్నారు చలపతి గారు. “నాకు ఒక్కనాడూ కత్తి అవసరం పడలేదు.”

“అదే కద సార్ నేను చెప్పేది,” అంది తిరుపతమ్మ. పొగరుగా అనలేదు, పాపం మామూలుగానే అంది. అదే కొంప ముంచింది.

“రాసుకోండి సోమసుందరం గారూ!” అని చలపతి గారు లేచారు. “ఈ అమ్మాయి జవాబు పత్రంలో అజ్ఞానం అని రాసింది. అది పాత్రని ఉద్దేశించి రాసిందా, శాఖని ఉద్దేశించి రాసిందా తేల్చాలి.”

“సర్ హంఫ్రీనే సార్. తెలీకపోవడం తప్పు కాదు సార్. తెలుసుకునేది చేతిలో పెట్టుకుని కూడా ఇప్పి చూడకపోతే అది తప్పు. అట్టా రాశాను.”

“చూశారా, మళ్ళీ అంటోంది!” అన్నారు చలపతి గారు.

తీర్మానం నా చేతే రాయించారు: ‘సదరు విద్యార్థిని గ్రంథమును చదువు నెపమున వికలము చేసినందున, సదరు గ్రంథము యథాస్థితికి వచ్చువరకు ఆమెకు నో డ్యూస్ పత్రము గాని, టీసీ గాని ఇవ్వబడవు.’

పరీక్షలైపోయాయి. తిరుపతమ్మ ఫస్టు క్లాసులో పాసయింది. ఎలాగంటారా? చివరి పరీక్షలో ‘అతి మంచితనం’ అని రాసిందట. “మార్కులకి రాశాను సార్, మనసులో అనుకోలేదు,” అంది నాతో. బీఈడీ ఎంట్రన్స్ రాసి జిల్లా కేంద్రంలోని కాలేజీలో సీటు కూడా తెచ్చుకుంది. ఆగస్టు ఇరవై ఎనిమిదో తారీకు సాయంత్రం అయిదింటిలోగా టీసీ ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకళ్ళకి పోతుంది. ఈ తారీకు గుర్తుపెట్టుకోండి. మా కాలేజీలో ఎవరూ పెట్టుకోలేదు. ఆ పిల్ల ఊరుకోకుండా యూనివర్సిటీకి కూడా అర్జీ పెట్టింది. జూన్ నుంచి రోజూ వచ్చి మా వరండాలో నిలబడేది.

పుస్తకాన్ని యథాస్థితికి తీసుకురావడం ఎవరికి అప్పగించాలీ అన్న ప్రశ్న వచ్చింది. బైండరుకి ఇస్తే బయటికి పొక్కుతుందన్నారు. కవర్లు అతికించడంలో అనుభవం ఉన్నది నాకేనని తీర్మానించి, జూలైలో నాకు ఉత్తర్వు ఇచ్చారు. ఏసోబు మైదా బంక కాచి తెచ్చాడు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

పేజీ పక్కన పేజీ సరిగ్గా పెట్టి అతికించాలంటే నంబర్లు చూడాలి. నంబరు చూడాలంటే కళ్ళు తెరిచి ఉంచాలి. కళ్ళు మూసుకుని అతికించమని ఉత్తర్వులో లేదు. మూడు రోజుల్లో అవ్వాల్సిన పని నాకు ఇరవై మూడు రోజులు పట్టింది. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. అయినా డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని లాగించాను. అలా మా కాలేజీ చరిత్రలో ఆ నవల చదివిన రెండో మనిషిని నేనయ్యాను, అదీ అధికారిక ఉత్తర్వుల మీద.

అప్పుడు బయటపడింది గైడు సంగతి. విప్పకుండానే బయటికి కనబడే పేజీల్లో సర్ హంఫ్రీ కుక్కలకి బ్రెడ్డు పెడతాడు, చర్చి దగ్గర ముసలివాళ్ళకి కోట్లు పంచుతాడు, ఎవరిదో సమాధి దగ్గర ఏడుస్తాడు. గైడులో ఉన్నదంతా ఇదే. గురువుగారు అద్దాల పెట్టెలోని పుస్తకం చూసి రాశారన్నది అక్షరాలా నిజం. పైపైన కనబడిన పేజీలు చూసి మధ్యలో తన తెలివితో పూరించేశారు. ఆగ్నెస్ అనే కూతురు, ఆమె ఇల్లు వదిలి వెళ్ళడం, జబ్బుపడటం, బిడ్డని కనడం, నెల నెలా ఉత్తరం రాయడం, ఆ ఉత్తరాలన్నీ ఆయన పెట్టెలో దాచుకోవడం, ఇదంతా మడతల లోపల ఉంది. ఆ సమాధి కూడా ఎవరిదో కాదు. నేను రెండు మూడు చోట్ల బంక పూయలేక ఆగిపోయాను. ఆ ముసలాయన మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, లేచి వరండాలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. చదువుకున్నవాడే, దానధర్మాలు చేసేవాడే, కవరు చింపడానికి ఏమొచ్చిందీ అని.

చివరి మడతకి వచ్చేసరికి ఆగస్టు ఇరవై రెండు. సర్ హంఫ్రీ పెట్టె ముందు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత పదహారు పేజీలూ సంచిలోపలే. తిరుపతమ్మ కొయ్యకుండా వదిలేసినవి. అతికించే పనే లేదు, నా డ్యూటీ అక్కడితో పూర్తయింది. అంచు కొంచెం లేపి లోపలికి తొంగిచూశాను. ఏమీ కనబడలేదు.

పుస్తకం అప్పగించేశాను కదా, ఇక టీసీ ఇస్తారని ఆ పిల్లకి నేనే చెప్పాను. నా మొహం మీద కొట్టినట్టయింది. ఇరవై నాలుగో తారీకున మళ్ళీ సంఘం కూర్చుంది.

“గ్రంథము యథాస్థితికి వచ్చినది. సంతోషము,” అన్నారు జనార్దనం గారు. “కాని విద్యార్థిని యథాస్థితికి వచ్చినదా?”

నాకు అర్థం కాలేదు. చలపతి గారు విడమరిచి చెప్పారు. “గ్రంథంలో ఇంతకాలం భద్రంగా ఉన్న విషయం ఈ అమ్మాయి తలలోకి వెళ్ళింది. అది బయట తిరుగుతూ ఉండగా గ్రంథం యథాస్థితికి వచ్చిందని మదింపు సంఘానికి ఎలా చెబుతాం? రేపు ఈమె టీచర్ అయి పది మందికి చెబితే?”

“కాబట్టి పరీక్ష పెట్టవలెను,” అన్నారు జనార్దనం గారు.

పేరు కూడా వాళ్ళే పెట్టారు. ‘అజ్ఞాన నిర్ధారణ పరీక్ష.’ నవల మీద పది ప్రశ్నలు. ఒక్కదానికీ సరైన జవాబు రాయకపోతే పాస్. ఒక్క జవాబు సరిగ్గా ఉన్నా ఫెయిల్.

“సార్, సరైన జవాబో కాదో దిద్దేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“గైడులో లేని ప్రతి మాటా నవలలోదని భావించవలెను,” అన్నారు చలపతి గారు. ఆ తీర్పుకి నేను మనసులో దండం పెట్టాను.

ఇరవై అయిదున పరీక్ష. హాల్లో ఒక్కతే. అంకమ్మ పూలబుట్ట వరండాలో దింపి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

“అదేందో తెలీదని రాసెయ్యవే తల్లీ! నాకు తెలీదు అంటే పోయిందేముందే? నేను జీవితమంతా అట్టాగే బతకలా?”

“తెలిసింది తెలీదని ఎట్టా రాసేదమ్మా? పరీక్షలో గైడు జవాబు రాశాను, సరేలే అనుకున్నా. ఇది అట్టా కాదే. నాకేమీ తెలీదని నా చేత్తో నన్ను రాయమంటన్నారు.”

“సీటు పోద్దే!”

“పోద్ది,” అంది ఆ పిల్ల. ఏడుస్తూనే అంది. అంకమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆ తల్లి ఏడుపు చూడలేక నేను ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేని మనిషిని.

గంట తర్వాత తిరుపతమ్మ కాగితం తెచ్చి ఇచ్చింది. పేరు, హాల్ టికెట్ నంబరు తప్ప అంతా ఖాళీ. హమ్మయ్య, పాసయినట్టే అనుకున్నాను. సంఘం ఆ ఖాళీ కాగితాన్ని గంటన్నర పరిశీలించింది. “ఇది తెలియక వదిలిన ఖాళీయా, తెలిసి వదిలిన ఖాళీయా?” అన్నారు చలపతి గారు. తెలియక వదిలితే పాస్. తెలిసి వదిలితే అవిధేయత. తేల్చడానికి నిపుణుల అభిప్రాయం కావాలన్నారు. తదుపరి సమావేశం ముప్ఫయ్యో తారీకు.

“సార్, ఇరవై ఎనిమిదే ఆఖరండీ,” అన్నాను.

“సోమసుందరం గారూ, ఆ తారీకు వాళ్ళ కాలేజీది. మన తారీకు ముప్ఫై,” అన్నారు జనార్దనం గారు.

ఇరవై ఆరు, ఇరవై ఏడు అలాగే గడిచాయి. ఇరవై ఏడో తారీకు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆ పిల్ల వరండాలో ఎప్పటిలా నిలబడి ఉంది. నేను నా సీట్లో కూర్చుని సర్ హంఫ్రీ గురించి ఆలోచిస్తున్నాను. ఆ పెట్టె తెరిచాడా, తెరవలేదా? తెరిస్తే అందులో ఏముంది? ఆ పదహారు పేజీలు నన్ను తినేస్తున్నాయి. ‘తాళంచెవి చేతిలో పెట్టుకుని ఎందుకయ్యా అట్లా నిలబడ్డావు, తెరువు!’ అని పైకే అనేసినట్టున్నాను. ఏసోబు “ఏంది సార్?” అన్నాడు.

అతనికి జవాబు చెబుదామని కుర్చీ తిప్పాను. ఎదురుగా పచ్చ బీరువా.

అప్పుడు నా రిజిస్టర్ నాకే గుర్తొచ్చింది. ఇన్‌వర్డ్ నంబరు 1846. ఆగస్టు మూడో తారీకు. యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి, కాన్ఫిడెన్షియల్. ముద్ర నేనే కొట్టాను. నంబరు నేనే వేశాను. బీరువాలో నేనే పెట్టాను. నా మొలతాడుకే కట్టుకున్న తాళంచెవి.

లేచి బీరువా తెరిచి, కవరు తీసి, చింపాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను చింపిన మొదటి కవరు అది. లోపల ఒక్కటే కాగితం. ‘కోసూరి తిరుపతమ్మ అర్జీ పరిశీలించడమైనది. పుస్తకము చదువుట నేరము కాదు. ఈ ఉత్తర్వు అందిన ఇరవై నాలుగు గంటలలోగా ఆమెకు టీసీ ఇవ్వవలెను.’ ఇరవై నాలుగు గంటలట. ఇరవై నాలుగు రోజులుగా అది నా వీపుకి మూరెడు దూరంలో ఉంది. రోజూ ఆ పిల్ల నా ఎదురుగా నిలబడింది. నేను రోజూ “ఇంకా ఏమీ రాలేదమ్మా” అని చెప్పాను.

ఇంక ఎవర్నీ అడగలేదు. టీసీ ఫారం తీసి నింపాను. కాలేజీ ముద్ర నా దగ్గరే ఉంటుంది, కొట్టాను. ‘ప్రిన్సిపాల్ తరఫున’ అని సంతకం పెట్టాను. ప్రవర్తన అన్న చోట ‘చాలా మంచిది, చదువుతుంది’ అని రాశాను. వరండాలోకి వెళ్ళి చేతిలో పెట్టాను.

ఆ పిల్ల కాగితం చూసుకుని, నన్ను చూసి, “వచ్చిందా సార్? ఎప్పుడొచ్చింది?” అంది.

“మూడో తారీకునే వచ్చిందమ్మా,” అన్నాను. దాచాలనిపించలేదు. “నేను విప్పి చూడలేదు.”

తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. “పోన్లెండి సార్, ఇప్పారుగా,” అని మూడింటి బస్సు కోసం పరిగెత్తింది. అంకమ్మ ఆ సాయంత్రం ఇంటికి ఒక మూర కనకాంబరాలు పంపించింది. మా ఆవిడ పెట్టుకుంది.

ముప్ఫయ్యో తారీకున నన్ను సస్పెండ్ చేశారు. అభియోగాలు రెండు. ఒకటి, నలభై రెండో నియమానికి విరుద్ధంగా కవరు తెరవడం. రెండు, అందులోని విషయం తెలుసుకోవడం. విచారణలో నేను ఆ ఉత్తర్వు బల్లమీద పెట్టి, “సార్, ఒక్కసారి చదవండి, మీకే తెలుస్తుంది,” అన్నాను. సంఘం వాళ్ళిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. “అక్రమముగా తెరిచిన కవరులోని విషయము చదివినచో మేమును అక్రమములో భాగస్వాములమగుదుము,” అన్నారు జనార్దనం గారు. ఆ కాగితాన్ని మడిచి, మళ్ళీ కవరులో పెట్టించి, ఏసోబు చేత బంక తెప్పించి అతికించారు. నాకంటే బాగా అతికించారు. పచ్చ బీరువాలో పెట్టి తాళం వేశారు.

సెప్టెంబరులో మదింపు సంఘం వచ్చింది. అధ్యక్షులవారు అద్దాల పెట్టెలోంచి పుస్తకం బయటికి తీసి తెరవబోయారట. మైదా కాస్త ఎక్కువ పూశాను కాబోలు, ఇటుకలా బిగుసుకుపోయి రాలేదట. “ఇంతటి భద్రత!” అని ఆయన కళ్ళు చెమర్చాయట. కాలేజీకి అన్నింటికన్నా పెద్ద గ్రేడు వచ్చింది. చలపతి గారికి ఉత్తమ అధ్యాపకులుగా శాలువా కప్పారు. మైదాకి పురుగు పట్టి ఆ పుస్తకాన్ని లోపల్నుంచి తినేస్తోందని ఏసోబు చెప్పాడు. పైకి మాత్రం ఏమీ తెలియదట. సర్ హంఫ్రీ ఆ పెట్టె తెరిచాడో లేదో ఇక ఎప్పటికీ తెలియదు.

మా వాళ్ళు అంతటితో ఆగలేదు. తిరుపతమ్మ టీసీ చెల్లదని, ఆమె అడ్మిషన్ వెంటనే రద్దు చేయమని బీఈడీ కాలేజీకి ఉత్తరం రాశారు. విషయం సున్నితమైనది కాబట్టి కవరు మీద ఎర్ర అక్షరాలతో ‘కాన్ఫిడెన్షియల్’ అని రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. ఆ సంగతి తెలిసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ కాలేజీ ఇన్‌వర్డ్ సెక్షన్‌లో మా పెదనాన్న మనవడు గణపతి పనిచేస్తాడు. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

“వచ్చింది బాబాయ్, మొన్ననే వచ్చింది,” అన్నాడు. “కానీ కాన్ఫిడెన్షియల్ కదా. మాకు రెగ్యులర్ ప్రిన్సిపాల్ లేక ఆరేళ్ళయింది. బీరువాలో పెట్టేశాను. ఎందుకు బాబాయ్, అందులో ఏముంది?”

“నాకేం తెలుసురా,” అన్నాను. “నువ్వు మాత్రం రూలు తప్పకు.”

తిరుపతమ్మ మొదటి సంవత్సరం పాసయింది. ఆ కవరు మొన్న మార్చి వెరిఫికేషన్‌లో కూడా మంచి స్థితిలోనే ఉందట.